బట్వాడా ఆలస్యం

పదకొండున్నరకి నేను డుమేన్ వీధిలో ఉండాలి.
పదకొండుంబావుకే, రాయల్ వీధి మూల మీద,
కాళ్ళు మొరాయించాయి.

మూతపడ్డ తాళాల కొట్టు ముందు ఆరుగురు.
ఇంకా మొదలుపెట్టలేదు.
ఓనెసిమ్ తన ట్యూబాలోకి తనే దూరి
కొండచిలువ చుట్టలోంచి తల బయటపెట్టి నవ్వుతున్నాడు.
నీళ్ళొచ్చిన ఏడు అటక దూలానికి తగులుకుని దొరికిందది,
ఆ సొట్ట అప్పటిదే, తీయించనంటాడు.
డెల్ఫీన్ ట్రాంబోన్ వంచి
రాత్రి ఊదిన తడంతా కాలవలోకి వంపుతోంది.
రేకుబల్ల కుర్రాడు
పది వేళ్ళకీ దర్జీ అంగుస్తానాలు తొడుగుతున్నాడు,
పెళ్ళికొడుకు ముస్తాబంత నిదానంగా.

"మిస్ క్లోటిల్డ్, మాకేమైనా తెచ్చావా?"
తెచ్చాను, తప్పుతుందా.
ఓనెసిమ్‌కి కరెంటు బిల్లు, ఎర్ర అక్షరాలది.
అందుకున్నాడు. విప్పలేదు.
ట్యూబా నోట్లో కుక్కాడు,
ఏడ్చే పిల్లాడికి బెల్లంముక్క పెట్టినట్టు.

ఒకటి.
రెండు.
ఒకటి రెండు మూడు

గుభీల్‌మంది పెద్ద డోలు.
గుండె కంటే ఇసుమంత వెనక పడుతుంది దాని దెబ్బ,
ఆ ఇసుమంత సందులోనే ఊరంతా నడుము తిప్పుతుంది.

పాట పేరు ఎవరికీ గుర్తులేదు, ఎవరూ అడగరు.
ట్రంపెట్ మాట ఎత్తుకుంది,
సూటి మనిషి, నానిస్తే గిట్టదు.
క్లారినెట్ ఊరుకుంటుందా, మాటకి మాట అడ్డమేసి
గోడెక్కి, వరండా ఇనుప పూల మీద నడిచి,
పైన కుండీలకి నీళ్ళు పోస్తున్న ముసలామె
చెవి మెలిపెట్టి దిగొచ్చింది.
ట్రాంబోన్ విందులో మేనమామ.
అందరి మాటకీ అవునవునంటూ జారుతూ
ఎవరూ అడక్కుండానే ఒక బూతు జోకు.
ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు,
ఒక్కరికీ కోపం లేదు.
మా ఇంట్లో ఇది ఏనాడూ జరగలేదు.

ఓనెసిమ్ ఊదినప్పుడల్లా బిల్లు
గిర్రుమని వణికి, లేచి, చతికిలబడుతోంది.
కుర్రాడు ఆ గిర్రుని పట్టుకున్నాడు,
రేకు మీద దానికి జవాబిచ్చాడు.
బాంజో నవ్వాపుకోలేక తీగ తప్పాడు,
తప్పుని మూడుసార్లు వాయించాడు.
నాలుగోసారికి అది తప్పు కాదు.

చెత్తబండి ఆగింది, దిగినవాళ్ళు దిగారు.
ఎక్కడినుంచో వచ్చిన ఎర్రచొక్కా పెద్దమనిషి
ఒకటో దెబ్బకీ మూడో దెబ్బకీ చప్పట్లు కొడుతున్నాడు పాపం,
శ్రద్ధగా, చెమటలు కక్కుతూ.
హోటల్ వెనక రొయ్యలు ఒలుస్తున్న వంటామె
తడి చేతులతోనే వచ్చి
అతని రెండు చేతులూ పట్టుకుంది.
ఒక్క దెబ్బ ఆపింది.
వదిలింది.
రెండు. నాలుగు. రెండు. నాలుగు.
ఆ మొహంలో ఎవరో స్విచ్చి వేసినట్టయింది.
ఒంటినిండా రొయ్యల వాసనతో ఇక ఆగలేదతను.

నా మోకాలికి డాక్టరు చెప్పింది వేరు.
మోకాలు వినలేదు.
సంచి తుంటికి తగిలి ఎగురుతోంది,
లోపల నూట పదకొండు ఇళ్ళ కబుర్లు,
ఆస్పత్రి కవర్లు, ఒక పెళ్ళి పిలుపు, పన్ను నోటీసులు,
అన్నీ కలిసి దబదబమని
ఏడో వాయిద్యమై.

ఆఖరి విసురుకి బిల్లు గాల్లోకి లేచి
వానగుంటలో పడింది.
బట్వాడా అయిపోయిన ఉత్తరంతో నాకు పని లేదు, అది రూలు.
వంగి తీశాను. లంగాకి తుడిచాను.
మొత్తం అంకె కనబడింది. చూడనట్టే ఉన్నాను.

"పెట్టేయ్, పెట్టేయ్," అన్నాడు ఓనెసిమ్
పెదాలు తుడుచుకుంటూ,
"అది లేకపోతే ఇందాకటి శబ్దం రాదు."

పన్నెండయిపోయింది.
డుమేన్ వీధివాళ్ళు గుమ్మాల్లో నిలబడి అడుగుతారు.
ట్యూబాకి ఉత్తరం చదివి పెడుతున్నానని చెప్తాను.
తడి కాయితం మళ్ళీ ఆ ఇత్తడి నోట్లో దోపి
ఒక్క అడుగు, ఒకే ఒక్క అడుగు
వెనక్కి వేశాను,
నాలుగో దెబ్బ మీద.